బ్యాంకాక్ టైములో పిండిమర

త్రిమూర్తులులో ఒక సుగుణం ఉంది. ఇంట్లో ఏ వస్తువు చెడినా, ఏ కొత్త వస్తువు వచ్చినా మెకానిక్ అనేవాణ్ణి గడప తొక్కనివ్వడు. పాపం, వాళ్ళకి సవాలక్ష పనులుంటాయి. ఎండన పడి రావాలి. వచ్చాక మనం అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాలి. తోటిమనిషిని అంత ఇబ్బంది పెట్టడం అతనికి చేతకాదు. అందుకని స్క్రూడ్రైవర్ తనే పట్టుకుంటాడు. ఈ దయాగుణం వల్ల వాళ్ళింట్లో మిక్సీ వేస్తే ముందుగదిలో ట్యూబ్‌లైటు ఆరిపోతుంది. చట్నీ అయ్యేదాకా కరెంటు ఆదా అని వచ్చినవాళ్ళకి చెబుతాడు.

కరెంటు పనంతా అతను సొంతంగా నేర్చుకున్నదే. ఆ సంగతి అతను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. స్విచ్చి వేస్తే తెలుస్తుంది.

ఆ రోజు పొద్దున్న మర ఆపి, రాగిజావ గ్లాసు పట్టుకుని అరుగు మీదకి వచ్చేసరికి మామగారి కుర్చీ ఖాళీగా ఉంది.

ఫోన్ తీసి చూశాడు. ఆకుపచ్చ చుక్క, దాని పక్కన అక్షరాలు: "భద్రయ్యగారు గానుగ వీధిలో క్షేమంగా ఉన్నారు." కుర్చీ వంక చూశాడు. మళ్ళీ ఫోన్ వంక చూశాడు. సిగ్గుపడాల్సిన విషయమే గానీ, కాసేపు అతను ఫోన్‌నే నమ్మాడు. వంగి కుర్చీ కింద కూడా చూశాడు.

తర్వాత అసలు సంగతి బుర్రకెక్కింది. త్రిమూర్తులు ఇల్లరికపు అల్లుడు. ఈ పిండిమర, ఈ ఇల్లు, ఈ అరుగు, ఆఖరికి చేతిలో ఉన్న జావ గ్లాసు కూడా మామగారివే. మామగారికి రెండేళ్ళుగా మతిమరుపు. భార్య మంగతాయారు చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్ అని ముందురోజే వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ఒకటే చెప్పింది. "ఏమండీ, నేను వచ్చేదాకా నాన్న ఒక్కరిని చూసుకోండి చాలు. ఇంకే పనీ పెట్టుకోకండి." అతను నవ్వాడు కూడా. "కెమెరా పెట్టింది నేను కదా, నీకెందుకు భయం?"

ఇప్పుడు ఆ కెమెరా సంగతి చెప్పాలి.

వశిష్ఠపురంలో ఇప్పుడు ఎవరూ తప్పిపోరు. ఊరి మొదట్లో బోర్డు మీద అలాగే రాసి ఉంది. ఊరంతా నెట్‌వర్క్ కెమెరాలు బిగించి, వాటన్నిటినీ కలిపి "తోడు" అని పేరు పెట్టారు. ఈ కెమెరాలు మొహాలు చూడవు. చూడకూడదని చట్టం వచ్చింది. అవి నడక చూస్తాయి. ఏ ఇద్దరి నడకా ఒక్కలా ఉండదు. భద్రయ్యగారి ఎడమకాలు, కుడికాలికంటే కాస్త ఆలోచించుకుని పడుతుంది. దాన్నిబట్టి కెమెరా ఆయన్ని పోల్చుకుని కేంద్రానికి ఒక కబురు పంపుతుంది: ఫలానా మనిషి, ఫలానా చోట, ఫలానా టైముకి. పెళ్ళిపందిట్లో చంటిపిల్లని చేతులు మార్చుకున్నట్టు, ఒక కెమెరా వదలగానే ఇంకో కెమెరా అందుకుంటుంది. కేంద్రంలో ఉన్న కంప్యూటర్ అన్ని కబుర్లలోనూ ఆఖరి టైము ఏదో చూసి, మనిషి అక్కడ ఉన్నాడని తేలుస్తుంది. అంతే. ఇందులో మంత్రం లేదు.

మతిమరుపు ఉన్న పెద్దవాళ్ళ చేతికి ఒక రబ్బరు బ్యాండు వేస్తారు. దానికి చిన్న లైటు తప్ప బుర్ర లేదు. కేంద్రం ఎలా వెలగమంటే అలా వెలుగుతుంది. మనిషి తన వీధిలో ఉంటే ఆకుపచ్చ. ఇంట్లోవాళ్ళెవరూ వెంట లేకుండా వీధి దాటితే ఎరుపు. ఎర్రలైటు కనిపిస్తే చుట్టుపక్కల ఉన్నవాళ్ళు ఆ మనిషి చెయ్యి పట్టుకుని ఇంటికి చేర్చాలి. అది ఊరి కట్టుబాటు.

త్రిమూర్తులు గ్లాసు అరుగు మీద పెట్టి రోడ్డువైపు పరిగెత్తాడు. వీధి మొదట్లో సోడా కొట్టు. కొట్టు లోవరాజు గోళీసోడాలు తుడుస్తున్నాడు.

"ఏం బావా, మర ఆపేశావ్? బెల్టు తెగిందా?"

"మావయ్యగారు ఇటొచ్చారా?"

"వచ్చారు."

"ఎప్పుడు?"

లోవరాజు ఆలోచించాడు. "ఇందాకా... కాదు, నిన్నేమో. బ్యాండు పచ్చగా ఉంది కదాని పట్టించుకోలేదు."

"నువ్వు మనిషిని చూశావా, బ్యాండు చూశావా?"

"బ్యాండే. అది ఉన్నాక మనిషిని చూడ్డమెందుకు, పని చెడగొట్టుకుని?" అని లోవరాజు, అతని మొహం చూసి గుడ్డ పక్కన పెట్టాడు. "ఏంటి, నిజంగా కనపడ్డం లేదా? మర నీ పేరు మీదకి మారిందా ఇంకా?"

"లేదు."

"అయితే ఫరవాలేదు. నిజంగానే పోగొట్టుకున్నావని జనం నమ్ముతారు."

తిట్టే తీరిక లేక త్రిమూర్తులు వెనక్కి తిరిగి పరిగెత్తాడు. వీధి రెండో చివర కాలువగట్టు. అక్కడ అచ్చియ్యమ్మ ఇస్త్రీ బండి. కాలువ గుర్తొచ్చేసరికి ఇంకా వేగం పెంచాడు. నీళ్ళు వదిలి వారం కాలేదు. ఒడ్డుదాకా నిండి పారుతోంది. అచ్చియ్యమ్మ కూడా అదే మాట. "పచ్చలైటే కదయ్యా అని తలెత్తలేదు." గట్టు మీద అటూ ఇటూ చూశాడు. గేదె ఒకటి ఉంది. మామగారు లేరు.

అక్కడే నిలబడి తోడు కేంద్రానికి ఫోన్ చేశాడు. ఎవరో అమ్మాయి ఎత్తింది.

"మా మావయ్యగారు కనపడ్డం లేదండి. భద్రయ్యగారని."

"ఒక్క నిమిషమండి... ఆయన క్షేమంగా గానుగ వీధిలోనే ఉన్నారండి."

"నేను గానుగ వీధిలోనే నిలబడ్డానండి."

"అయితే ఒకసారి పక్కకి చూడండి సార్."

"పక్కన లోవరాజు ఉన్నాడండి." లోవరాజు అప్పటికి కొట్టు వదిలేసి వెనకాలే వచ్చాడు.

"ఆయన పేరు మా దగ్గర లేదండి."

"ఆయన సంగతి కాదమ్మా. ఊళ్ళో వెతికించండి. రేవులో, బస్టాండులో, మార్కెట్‌లో మీ కెమెరాలున్నాయి కదా. వాటిల్లో చూడండి."

"మనిషి వీధిలో ఉన్నప్పుడు బయట వెతకడానికి సిస్టమ్ ఒప్పుకోదు సార్. అయినా మీ వీధి గురించి మీరు దిగులుపడకండి. మా రికార్డులో అన్నిటికంటే క్షేమమైన వీధి మీదే. మూడు వారాలుగా ఒక్క పెద్దాయన కూడా మీ వీధి దాటలేదు. షీల్డు కూడా ఇవ్వబోతున్నారు."

మూడు వారాలు అనగానే త్రిమూర్తులు లెక్క వేసుకున్నాడు. మూడు వారాల కిందటే అతను కెమెరా బిగించాడు. షీల్డు ఎందుకు వస్తోందో అతనికి లీలగా అర్థం కావడం మొదలైంది.

"అమ్మా, మీకంటే పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే ఇయ్యమ్మా."

ఫోన్‌లో గొంతు మారింది. నెమ్మదైన గొంతు. "నేను డాక్టర్ వకుళ. ఈ తోడు నేను తయారుచేసిందే. చెప్పండి."

అతను మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. ఆమె మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని, "మీ మర దగ్గర కెమెరా ఆయన్ని ఆఖరిసారి చూసిన టైము పదకొండూ ఇరవై అని ఉంది" అంది.

"అవునండి."

"ఇప్పుడు పదింబావు."

"అవునండి."

"మీరు ఆశ్చర్యపోలేదు."

త్రిమూర్తులు కాలువ వంక చూశాడు. అబద్ధం ఆడదామనే చూశాడు. నీళ్ళు గబగబా పారుతున్నాయి. "టైమ్ జోన్ దగ్గర నేనే మార్చానండి" అన్నాడు.

"దేనికి మార్చారు?"

"బ్యాంకాక్‌కి."

అవతల కీబోర్డు టకటకలాడింది.

జరిగింది ఇది. కెమెరా పెట్టె వచ్చిన రోజు శుక్రవారం. మంగతాయారు ఆ సాయంత్రం ఊరెళ్ళాలి. మధ్యాహ్నం గిరాకీ, అందుకని కెమెరా పొద్దున్నే స్టార్ట్ చెయ్యాలి. గోడకి బిగించి సెట్టింగ్స్ పేజీ తెరిచేసరికి పదిముప్పావైంది. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. "నాన్నని కాచే వస్తువు. రాహుకాలంలో స్విచ్చి వేస్తే నేనూరుకోను" అంది మంగతాయారు. పోనీ తర్వాత వేద్దామంటే, "మరి నేను నిశ్చింతగా ఎలా వెళ్ళను?" అంది.

ఇలాంటప్పుడే త్రిమూర్తులు తెలివి పనిచేస్తుంది. పేజీలో టైమ్ జోన్ అని ఒక వరుస ఉంది. నొక్కితే ప్రపంచంలో ఊళ్ళన్నీ దిగాయి. ఒక్కో ఊరూ పెట్టి చూస్తూ పోయాడు. బ్యాంకాక్ దగ్గర గడియారం పన్నెండుంబావు చూపించింది. రాహుకాలం అక్కడ అయిపోయింది! కెమెరాకి మనూరు తెలుసా, మన గోడ గడియారం తెలుసా? దానికి ఏ టైము చెబితే అదే టైము. మంగతాయారు కూడా తల పంకించి, కొబ్బరికాయ కొట్టింది. మర్నాడు తిరిగి ఇండియాకి మారుద్దామనుకున్నాడు. అంతలో మంచి గడియలో పుట్టినదాన్ని మళ్ళీ రాహుకాలంలోకి తోయడం దేనికనిపించింది. అలా వదిలేశాడు.

"మా కెమెరాలు టైము సెర్వర్‌ని అడిగి సరిచేసుకుంటాయి. అందుకే నిమిషాలూ సెకన్లూ అన్నీ సరిగ్గా ఉన్నాయి. మీరు దేశం మార్చేశారు. అది చెప్పే టైము నిజమే, బ్యాంకాక్‌లో" అంది డాక్టర్ వకుళ. ఆమె గొంతులో కోపం లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. "అందుకని మీ మావయ్యగారు ఇప్పుడు ఊళ్ళో ఏ కెమెరాకి కనిపించినా, ఆ కబురు మీ మర కబురుకంటే పాతదైపోతోంది. మీ మర ఆయన్ని ఇంకా రాని టైములో చూసింది కదా."

"ఇంకా రాని టైమంటే కంప్యూటర్‌కి అనుమానం రాదా మేడం?"

"రాబోయే కాలంలోంచి కబురొస్తే నమ్మకూడదని దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని నాకు తోచలేదు." ఆగి, "ఉండండి, ఇక్కడినుంచే మీ కెమెరాలోకి వెళ్ళి మారుస్తాను" అంది.

త్రిమూర్తులు కళ్ళు మూసుకున్నాడు.

"మీ కెమెరా నాకు అందడం లేదు. అది కబుర్లు పంపుతోంది గానీ, మేం పంపేవి దానికి చేరడం లేదు. ఐపీ అడ్రస్ కూడా మార్చారా?"

"కొంచెం మార్చానండి."

ఐపీ అడ్రస్ అంటే నెట్‌వర్క్‌లో కెమెరాకి ఇంటి నంబరు లాంటిది. దాన్ని మామూలుగా నెట్‌వర్కే ఇస్తుంది. ఇచ్చిన నంబరుని త్రిమూర్తులు కూడి చూస్తే నాలుగు వచ్చింది. స్కూటర్ నంబరు కూడితే తొమ్మిది రావాలని ఆర్నెల్లు ఆగి కొనుక్కున్న మనిషి, మామగారి కెమెరాకి నాలుగు ఉంచుతాడా? నెట్‌వర్క్ ఇవ్వడం మాన్పించి, తనే తొమ్మిది వచ్చేలా ఒక నంబరు వేశాడు. ఏది వేశాడో గుర్తులేదు.

లోవరాజుతో కలిసి మరలోకి పరిగెత్తి, పిండి దులిపి లాప్‌టాప్ తెరిచాడు. నంబరులో మొదటి మూడు ముక్కలు 192, 168, 1. అవి కూడితే ఇరవై ఎనిమిది, అంటే పది, అంటే ఒకటి. కాబట్టి ఆఖరి ముక్క కూడితే ఎనిమిది రావాలి. పదిహేడు కొట్టాడు. తెరుచుకోలేదు. ఇరవై ఆరు. లేదు. ముప్ఫై అయిదు.

"బావా, ఇలా ఎన్నుంటాయి?"

"చాలా ఉంటాయి. నువ్వు మాట్లాడకు, కూడిక తప్పుతుంది."

"ముసలాయన కాలువ దాటి ఎంత దూరం పోయుంటాడో గానీ, నీ జాతకం మాత్రం బ్రహ్మాండంగా ఉంది."

నలభై నాలుగు. లేదు. ఫోన్ స్పీకర్‌లోంచి డాక్టర్ వకుళ ఊపిరి వినపడుతోంది. ఆమె కూడా అవతల లెక్కపెడుతున్నట్టుంది. ఎందుకంటే ఆమే అంది: "యాభై మూడు చూడండి."

తెరుచుకుంది.

బ్యాంకాక్ తీసేసి ఇండియా పెట్టాడు. పాత కబుర్లు చెరపడానికి ఆమె అడిగిన చోటల్లా నొక్కాడు. ఆఖరి నొక్కు అయ్యాక ఇద్దరూ ఫోన్ తెర వంక చూశారు.

ఆకుపచ్చ చుక్క. "భద్రయ్యగారు గానుగ వీధిలో క్షేమంగా ఉన్నారు."

"ఇప్పుడు ఇస్త్రీ బండి దగ్గర కెమెరా చెబుతోంది. మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై రెండుకి చూసిందట" అంది డాక్టర్ వకుళ. "ఆ కెమెరా ఎవరు పెట్టారు?"

త్రిమూర్తులు లోవరాజు వంక చూశాడు. లోవరాజు పైకప్పు వంక చూశాడు.

"నేనేనండి" అన్నాడు త్రిమూర్తులు. "అచ్చియ్యమ్మగారికి ఆవేళ వర్జ్యం మధ్యాహ్నం దాకా ఉంది. జపాన్ అయితే గానీ కుదరలేదు."

"వీధిలో ఇంకెవరివి పెట్టారు?"

"అందరివీనండి. డబ్బులేం తీసుకోలేదండి, ఊరికే సాయానికి."

"అన్నీ బ్యాంకాకూ జపానేనా?"

"లోవరాజుది దుబాయండి. వాడి మంచిగడియ పొద్దున్నే దాటిపోయింది. వెనక్కి వెళ్ళాల్సొచ్చింది. మేష్టారిది సింగపూర్. పాలకేంద్రానిది ఏదో దీవి, పేరు పలకలేనండి."

ఇలా చెబుతుండగా పిండి పట్టించుకోడానికి వచ్చిన ఇద్దరాడవాళ్ళు, చప్పుడికి వచ్చిన అచ్చియ్యమ్మ, గుమ్మంలో నిలబడి వింటున్నారు. తన కెమెరా మూడు వారాలుగా జపాన్‌లో ఉందన్న సంగతి అచ్చియ్యమ్మకి అప్పుడే తెలిసింది. ఆమె మొహంలో కోపం కంటే ఒక రకమైన గౌరవం కనిపించింది.

"విడివిడిగా సరిచేసే వ్యవధి లేదు" అంది డాక్టర్ వకుళ. "మీ వీధిని మొత్తం నెట్‌వర్క్‌లోంచి తీసేస్తాను. కానీ తెలుసుకోండి. వీధే లేకపోతే ఆ వీధిలో ఎవరూ ఉన్నట్టు కాదు. మీ వీధి పెద్దవాళ్ళందరి బ్యాండ్లూ ఒక్కసారిగా ఎర్రబడతాయి. ఊరంతా గోల అవుతుంది."

"తీసెయ్యండి మేడం."

"మీ పేరు బయటికొస్తుంది."

ఈ మాటకి అతను ఒక్క క్షణం తటపటాయించిన సంగతి దాచడం ఎందుకు. వీధిలో అతనికి పెద్ద పేరే ఉంది, కెమెరాల త్రిమూర్తులుగారని. అయితే ఆ క్షణంలోనే అరుగు మీద చల్లారిపోయిన జావ మీద ఈగ వాలడం కనిపించింది. "తీసెయ్యండి" అన్నాడు.

ఆమె తీసేసింది. తియ్యగానే ఊరి కెమెరాలన్నీ అప్పటిదాకా చెబుతున్నా ఎవరూ వినిపించుకోని కబుర్లు ఒకదాని వెనక ఒకటి లెక్కలోకి వచ్చాయి. ఆమె చదువుతోంది: "కాలువగట్టు... మార్కెట్ మలుపు... రేవు. ఆయన పదిన్నర పంటు ఎక్కారు." పంటు అంటే రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచి, మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించేది. "అవతలి ఒడ్డున తోడు లేదు. అక్కడ దిగితే నేనేం చెప్పలేను. పరిగెత్తండి."

లోవరాజు మోటార్ సైకిల్ మీద రేవుకి వెళ్తుంటే దారి పొడుగునా ఎర్రలైట్లే. మార్కెట్‌లో మేష్టారు వంకాయలు ఏరుకుంటుంటే నలుగురు కుర్రాళ్ళు ఆయన్ని ఎత్తినంత పని చేస్తున్నారు. "వదలండ్రా, నా సంచీ!" అని ఆయన అరుపులు. గుడి మెట్ల మీద వీధి చివరింటి ముసలమ్మ, చెయ్యి పట్టుకున్న కానిస్టేబుల్‌ని రెండో చేత్తో కొడుతోంది. ఊరంతా గానుగ వీధి మనుషుల్ని గానుగ వీధికి మోసుకొస్తోంది.

రేవు చేరేసరికి పంటు నడి గోదావరిలో ఉంది. త్రిమూర్తులుకి మామగారి తెల్లచొక్కా కనిపించింది. రేలింగు పక్కన బల్ల మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పేపరు చదువుతున్న మనిషిలా నెమ్మదిగా కూర్చున్నారు. అమ్మయ్య అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆయన మణికట్టు మీద ఎర్రలైటు ఎవరికో కనిపించింది.

"ఎర్రలైటు! తప్పిపోయిన మనిషి!" అని కేక. పంటులో ఉన్న జనమంతా ఆయన మీదకి వచ్చారు. ఒకడు చెయ్యి పట్టుకున్నాడు, ఇంకొకడు చొక్కా పట్టుకున్నాడు, ఒకావిడ ఏడుస్తూ ఆయన నోట్లో అరటిపండు పెట్టబోయింది. భద్రయ్యగారు బెదిరిపోయి వెనక్కి జరిగారు. వెనకాల రేలింగు. "ఒక పక్కకి రాకండి! వెనక్కి వెళ్ళండి!" అని పంటు నడిపే సరంగు అరుస్తున్నాడు. ఎవరూ వినలేదు, అందరూ కాపాడుతున్నారు మరి. పంటు ఓ పక్కకి ఒరిగింది. ఆయన కాలిజోడు ఒకటి గోదావరిలో పడింది. ఒక కాలు రేలింగు దాటి గాల్లో ఊగింది.

ఒడ్డున త్రిమూర్తులు చెప్పులతోనే నీళ్ళవైపు పరిగెత్తాడు. మోకాళ్ళదాకా నీళ్ళలోకి దిగి అక్కడే ఆగిపోయాడు.

చివరికి సరంగు స్టీరింగు వదిలి వచ్చి, మోచేతులతో జనాన్ని నెట్టి, పెద్దాయన నడుం చుట్టూ చెయ్యి వేసి బల్ల మీద కూర్చోబెట్టాడు. పంటు వెనక్కి తిరిగింది.

ఒడ్డుకి చేరాక సరంగు దిగి, త్రిమూర్తులుని ఎగాదిగా చూశాడు. "మీరెవరండి?"

"వారి అల్లుణ్ణి."

"ఓహో. ఏమయిందండి ఇవాళ? మూడు వారాలుగా రోజూ వస్తున్నారు. పదిన్నరకి ఎక్కుతారు, అవతలి ఒడ్డు చూస్తారు, అదే పంటులో తిరిగొచ్చేస్తారు. ఎప్పుడూ పచ్చలైటే. ఎవరూ జోలికి రాలేదు. ఇవాళ ఆ ఎర్రలైటు వెలక్కపోతే ఈపాటికి ఇంటికెళ్ళి అన్నం తినేవారు." ఆ మూడు వారాలూ ఇంట్లోవాళ్ళు కుర్చీ చూడలేదు, ఫోన్‌లో పచ్చచుక్క చూసి ఊరుకున్నారు.

భద్రయ్యగారు ఒంటి జోడుతో నిలబడి, చిరిగిన చొక్కా సర్దుకుని అన్నారు: "అల్లుడూ, వీళ్ళంతా ఎవరు? ఏం తప్పిపోయిందిట?"

మర్నాడు డాక్టర్ వకుళ స్వయంగా వచ్చి వీధిలో కెమెరాలన్నిటినీ ఇండియాకి తీసుకొచ్చింది. టైమ్ జోన్ మార్చడానికి వీల్లేకుండా తాళం వేసింది. త్రిమూర్తులుని ఒక్క మాట అనలేదు. పైగా అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఏ వరుస ఎందుకో చెప్పింది. మంగతాయారు మాత్రం ఆ లోటు తీర్చింది. ఫంక్షన్‌లోంచి సగంలో వచ్చేసి, రెండు రోజులు అతనితో గోడకి చెప్పినట్టు మాట్లాడింది. "నాన్న ఒక్కరిని చూసుకోమంటే అదీ చేతకాలేదు, విన్నావా గోడా?" అని.

అంతా సవ్యంగా ఉంది. బ్యాండ్లు ఎవరి వీధిలో వాళ్ళకి పచ్చగా వెలుగుతున్నాయి. వీధి దాటి పదడుగులు వేస్తే చాలు, ఎర్రబడుతున్నాయి. ఎర్రబడగానే ఎవరో ఒకరు నవ్వుతూ వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి చేరుస్తున్నారు. తోడు ఎంత బాగా పనిచేస్తోందో పేపర్లో కూడా రాశారు.

వారం తిరక్కుండా మేష్టారు పిండి సంచీ పట్టుకుని మరకి వచ్చారు. సంచీలో పిండి పట్టించేదేం లేదు. "త్రిమూర్తులూ" అన్నారు అటూ ఇటూ చూసి, "నా సింగపూర్ నాకు ఇప్పించవయ్యా. వంకాయలు ఏరుకుని ఎన్నాళ్ళయిందో." మర్నాడు పక్క వీధినుంచి ఇద్దరొచ్చారు. ఆ మర్నాడు కోమటి వీధినుంచి ఒకావిడ, మనవరాలికి తెలియకుండా. అందరిదీ ఒకటే కోరిక. తాళం వేసేశారండీ అని అతను అందరికీ దణ్ణం పెట్టి పంపేశాడు.

ఒకరోజు మధ్యాహ్నం డాక్టర్ వకుళ ఫోన్ చేసింది. కెమెరా బాగుందా, మావయ్యగారు బాగున్నారా అని అడిగింది. తర్వాత గొంతు తగ్గించింది.

"మా అమ్మ ఈ ఊళ్ళోనే ఉంటుంది, రామాలయం వెనక. నెల్లాళ్ళుగా నాతో మాట్లాడ్డం లేదు. సాయంత్రం పూట స్నేహితురాలింటికి వెళ్ళేది. ఇప్పుడు సగం దారిలోనే జనం వెనక్కి తెచ్చేస్తున్నారు. నా పేరు పెట్టి తిడుతోందట, వీధిలో నిలబడి." ఆగింది. "తాళం నేను తీస్తాను. సెట్టింగ్ మాత్రం నా చేతులతో నేను మార్చలేను. ఎవరైనా తెలిసో తెలియకో మారిస్తే..."

త్రిమూర్తులు మర ఆపాడు. "అమ్మగారు ఎంతసేపు కూర్చుంటారండి అక్కడ?"

"ఓ గంటా, గంటంబావు."

"అయితే బ్యాంకాక్ సరిపోతుందండి" అన్నాడు.

భద్రయ్యగారికి మాత్రం ఏ దేశమూ పెట్టలేదు. మంగతాయారు ఒప్పుకోదు. ఇంట్లో మనిషి వెంట ఉంటే ఎక్కడికెళ్ళినా బ్యాండు పచ్చగానే ఉంటుంది కాబట్టి, ఇప్పుడు రోజూ పదింటికి మర ఆపి, మామా అల్లుళ్ళిద్దరూ రేవుకి వెళ్తారు. ఆయనకి రేలింగు పక్క బల్లే కావాలి. అక్కడే కూర్చుంటారు. పంటు కదలగానే త్రిమూర్తులు మామగారి చెయ్యి గట్టిగా పట్టుకుంటాడు. తిరిగి ఒడ్డు తగిలేదాకా వదలడు. అల్లుడంటే ఇలా ఉండాలి, ఎంత జాగ్రత్తగా పట్టుకున్నాడో చూడండి అని పంటులో ఆడవాళ్ళు చెప్పుకుంటారు.

అతనికి ఈత రాదు. ఇంకా నేర్చుకోలేదు.